డబ్బాల దొరసాని

జూన్ 4

ఒరేయ్ బావమరిదీ,

కులాసాగానే ఉండి ఉంటావు. లారీ ఆఫీసులో కుర్చీ అరగదీసేవాడికి కులాసాకేం తక్కువ! ఫోను ఉండగా ఈయన ఉత్తరం ఎందుకు రాస్తున్నాడని నీకు అనుమానం రావచ్చు. గోడలకు చెవులుంటాయో లేదో గానీ మీ అక్కకున్నాయి. నేను ఫోనులో కాస్త గొంతెత్తితే చాలు, వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోతుంది. అందుకని షోరూములో నా టేబుల్ దగ్గర కూర్చుని, కొత్త కార్ల కరపత్రాల వెనకవైపు రాస్తున్నాను. కాగితం నునుపుగా ఉంటుంది, కలం జారుతోంది, సర్దుకుని చదువుకో.

మా బిల్డింగుకు పిచ్చెక్కింది. చెత్త బండి డ్రైవరు, అంతా కలిపేసిన చెత్త నేనెత్తను అని గేటు దగ్గర భీష్మించుకు కూర్చున్నాడు. చెత్త ఎత్తడానికి కూడా వాడికి రుచులు కావాలి! మా సెక్రటరీ రిటైరైన తూనికల ఇన్‌స్పెక్టరు. ఉద్యోగంలో ఉండగా కూరగాయల కొట్లవాళ్లను ఏడిపించినవాడు, ఇప్పుడు చేతులు ఖాళీగా ఉండి మమ్మల్ని పట్టుకున్నాడు. మీటింగు పెట్టి, తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా అన్నాడు. తొక్కలూ మిగిలిన అన్నమూ ఒకదాంట్లో, కాగితాలూ సీసాలూ ఒకదాంట్లో. పాల కవరు కడిగి, ఆరబెట్టి మరీ పారేయాలట. మా బాల్కనీలో నా చొక్కాలు ఆరేయడానికే చోటు లేదు, పాల కవర్లకు తీగ కడతాం!

అక్కడితో ఆగితే బాగుండును. కింది ఫ్లాటు పళ్ల డాక్టరు సైకిలెక్కాడు. ప్యాంటు చీలమండ దగ్గర రబ్బరు బ్యాండుతో బిగించి, చెమటలు కక్కుకుంటూ ఆస్పత్రికి పోతున్నాడు. ఆ వగర్పుతో నోట్లో పట్టకారు పెడితే పేషెంటు గతి ఏం కాను? ఇంకో నలుగురు ఒకే కారులో ఇరుక్కుని ఆఫీసులకు పోతున్నారు, కార్లమ్ముకుని బతికే నా కళ్లెదుటే. నలుగురికో కారు చాలని లోకమంతా అనుకుంటే నేను షోరూములో ఈగలు తోలుకోవాలి. మీ అక్కయితే ఏకంగా టైలరింగ్ షాపుకు బస్సులో వెళ్తోంది. మొగుడు కార్ల షోరూముకి మేనేజరు, పెళ్లాం బస్సు రాడ్డు పట్టుకుని వేలాడుతుంది. నేను దారిలో బస్సు స్టాపు దగ్గర ఆపి రోజూ హారను కొడతాను. తల తిప్పదు.

ఇక అసలు సంగతి. మీ అక్క మా ఇంట్లో కూడా వేరు పెట్టేసింది. ఇన్నేళ్లూ అంతా కలిపే గడిచింది, ఎవడికీ ఏ నష్టమూ రాలేదు. ఇప్పుడు కలిపితే ఒప్పుకోదట. చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఇలాంటివాటికి మొదట్లోనే ముక్కుతాడు వేయాలి. నువ్వు తమ్ముడివి, నీ మాట కాస్త వింటుంది. నాలుగు బుద్ధి మాటలు రాయి. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఎవరి మేలైనా కోరే, తన మేలు కోరేవాడు లేని,
నీ బావ

*

జూన్ 12

బావగారికి,

నమస్కారం పెట్టాలో వద్దో తేలక పెట్టడం లేదు.

దాపరికం ఎందుకు, మీ ఉత్తరాల్లో మొదటి పేజీలు నేను చదవను. మీ బిల్డింగు మీటింగులూ, మీరు ఎవరిని ఏమని వెక్కిరించారో ఆ పురాణమూ చదివే ఓపిక నాకు లేదు. మీకేం కావాలో అది చివరి పేరాలో ఉంటుంది, అది చూసుకుంటాను. ఈసారి అది చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్క టేబులాయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

అక్క వేరు పెట్టిందా? ఆ మాట రాయడానికి మీకు చెయ్యెలా వచ్చింది? మా అక్క నోట్లో నాలుక లేని మనిషి. ఒక గడపలో ఉంటూ వేరు పొయ్యి, వేరు గిన్నె పెట్టుకుందంటే మీరెంత కాల్చుకు తిన్నారో నేను ఊహించుకోగలను. పైగా ముక్కుతాడు వేయాలట! గొడ్డనుకున్నారా? మీరు కార్లమ్మే తీరు నాకు తెలుసు, కొనేవాడు నోరు తెరిచేలోపే సంతకం పెట్టించేస్తారు. పెళ్లాం దగ్గర ఆ పప్పులు ఉడకవు.

నేనూరుకునే రకం కాదు. మన రెండు వైపులా పెద్దరికం చేసే పెద్దత్తయ్యకు చెప్పాను. ఆవిడకు చెప్పడమంటే టముకు వేయించడమేనని మీకు తెలుసు, తెలిసే చెప్పాను. మా ఆవిడ వెనక గదిలో సామాను తీయించి, కడిగించి పెట్టింది. అక్కకు విడిగా ఉత్తరం రాశాను, మీ చేతిలో పడకుండా షాపు అడ్రసుకు. నీకిక్కడ ఒక గది ఉంది, ఎందుకొచ్చావని అడిగేవాడు లేడు, వచ్చెయ్యమని.

మీ బావమరిదినని నలుగురిలో చెప్పుకోవడానికి మొహం చెల్లని,
నేను

*

జూన్ 18

ఒరేయ్ శుంఠా,

చెత్తరా! చెత్త! మీ అక్క వేరు పెట్టింది చెత్త! తడిది ఒక డబ్బాలో, పొడిది ఒక డబ్బాలో! రెండో పేరా నిండా అదే ఏడ్చాను, అదంతా వదిలేసి చివరిది పట్టుకుని ఊరంతా టముకు వేస్తావా? నిన్ను లారీ ఆఫీసులో ఉంచుకున్న మహానుభావుడెవరో గానీ, వాడి సరుకు ఏ ఊరికి పోవలసింది ఏ ఊరికి పోతోందో ఆ దేవుడికే తెలియాలి.

నిన్న పెద్దత్తయ్య ఫోను చేసి ఊపిరి తీసుకోకుండా తిట్టింది. ఒకే పొయ్యి మీద వండుకోలేని మొగుడూ పెళ్లాలూ ఒక కాపురమేనా అంది. "అమ్మా తల్లీ, మేం ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం, తొక్కలు మాత్రమే రెండు చోట్ల వేస్తున్నాం" అన్నాను. "తొక్కలో కబుర్లు చెప్పకు" అని పెట్టేసింది.

నీకు వివరంగా రాస్తే తప్ప బుర్రకెక్కదు కాబట్టి రాస్తున్నాను. ఈసారి పైనుంచి కిందికి చదువు. మా బిల్డింగులో ఎవరికీ ఏది ఏ డబ్బాలోకో అర్థం కావడం లేదని, ఇంటింటికీ వెళ్లి చెప్పే పని మీ అక్క నెత్తినేసుకుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు! షాపు నుంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా మెట్లెక్కుతుంది. గుడ్డు పెంకు ఇందులో, టీ పొడి ఇందులో, పగిలిన గాజు కాగితంలో చుట్టి విడిగా అని చెప్పుకుంటూ. డాబా మీద ఒక పీపా పెట్టించి అందులో తొక్కలూ ఎండుటాకులూ కలిపి కర్రతో తిప్పుతోంది. ఎరువవుతుందట. షాపులో మిగిలిన గుడ్డముక్కలతో సంచులు కుట్టి అందరికీ పంచింది, ప్లాస్టిక్ కవర్లు తీసుకోకండని. ఆ సంచి పట్టుకుని నేను కొట్టుకు వెళ్లాలట. నేను!

పోయిన మీటింగులో సెక్రటరీ మీ అక్కను పొగడ్డం మొదలుపెట్టాడు. నాకు ఆగలేదు. లేచి నిలబడి, "లోకంలో డబ్బా కొట్టుకునేవాళ్లను చూశాను గానీ డబ్బాలు చూసుకు మురిసేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా. ఇవాళ్టి నుంచి మా ఆవిడకు డబ్బాల దొరసాని అని బిరుదు" అన్నాను. పగలబడి నవ్వారురా! సెక్రటరీ అయితే కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పుడు మా బిల్డింగులో పిల్లలు కూడా అదే పిలుస్తున్నారు. దొరసానిగారూ, చాక్లెట్టు కాగితం ఎందులో వేయాలి అంటారు. మీ అక్క కూడా నవ్వినట్టే ఉంది, నేను సరిగ్గా చూడలేదు.

వెంటనే మీ అక్కకు ఇంకో ఉత్తరం రాసి, ఆ గది గోల అంతా నీ బుర్రలో పుట్టిన పొరపాటని చెప్పు. సామాను మళ్లీ గదిలో పడేసుకో.

నీలాంటివాణ్ణి బంధువుగా పొందిన,
నీ బావ

*

జూన్ 29

బావా,

చెత్త అన్న ఒక్క ముక్క చివరి పేరాలో రాసి ఉంటే మీ సొమ్మేం పోయేది? అయినా ఇంట్లో చెత్త మీద బావమరిదికి ఫిర్యాదు రాసే మొగుణ్ణి లోకంలో మిమ్మల్నే చూశాను. పెద్దత్తయ్యకు సర్దిచెప్పబోయాను. "నువ్వూ అతని పక్షమే చేరావా" అని నాకూ వడ్డించింది.

మీరు చెప్పినట్టే అక్కకు చెప్పేద్దామని షాపుకు ఫోను చేశాను. "అక్కా, నాదే పొరపాటు, నువ్వు వేరు పెట్టింది చెత్తనట, నేను కాపురమనుకున్నాను, ఆ ఉత్తరం చింపేయ్" అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

"ఆ సంగతి నాకు తెలుసులేరా" అంది. "గదికి కిటికీ ఉందా? కుట్టుమిషను పెట్టుకుంటే వెలుతురొస్తుందా?"

వేళాకోళమనుకుని నేనూ ఏదో అన్నాను. అక్క వేళాకోళాలాడదని ఫోను పెట్టేశాక తట్టింది. మళ్లీ చేశాను. ఏం జరిగిందక్కా అంటే, "మీ బావను అడుగు, ఆయన బాగా చెప్తాడు. చెప్తూ చెప్తూ నవ్వుతాడు కూడా" అంది. వెనక మిషన్ల చప్పుడు వినబడుతోంది.

ఏం చేశారు బావా? ఈసారి ఏ పేజీలో రాసినా చదువుతాను.

భయంభయంగా,
మీ బావమరిది

*

జూలై 5

ఒరేయ్,

పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టు మాట్లాడకు. ఏం జరిగిందని! ఏమీ జరగలేదు. అడిగావు కాబట్టి చెప్తున్నాను, విని నువ్వే నవ్వుతావు.

నీకు పోయిన ఉత్తరం రాసిన రెండ్రోజులకు షోరూముకు పెద్ద గిరాకీ వస్తున్నాడు, తొందరలో ఉన్నాను. మీ అక్క రెండు సంచులూ చేతికిచ్చి, పోతూ పోతూ చెత్త బండిలో వేసి వెళ్లమంది. కింద గేటు దగ్గర సెక్రటరీ, పళ్ల డాక్టరు, పై ఫ్లాట్లవాళ్లు అంతా ఉన్నారు. నాకు సరదా పుట్టింది. తడి సంచి విప్పి పొడి సంచిలో గుమ్మరించేసి, "విడిపోయినవాళ్లను కలిపాను, పుణ్యమంతా నాదే" అన్నాను. అందరూ నవ్వారు. డాక్టరొక్కడు నవ్వలేదు, సైకిలెక్కి పోయాడు. పళ్లు చూసేవాడికి పళ్లు చూపించడం రాదనుకుంటా. ఆ డ్రైవరు మాత్రం కలిపిన సంచి ఎత్తననేశాడు.

ఇంతలో మీ అక్క మెట్లు దిగి వచ్చింది. పైనుంచి చూసినట్టుంది. గేటు పక్కనే నేల మీద కూర్చుని, సంచి బోర్లించి, ఒట్టి చేతులతో ఏరడం మొదలుపెట్టింది. కాగితాలకు అంటుకున్న అన్నం గీకి మరీ తీస్తోంది. నవ్వినవాళ్లంతా ఒక్కొక్కరే జారుకున్నారు. నేను కారు బయటికి తీయాలి, తను దారికడ్డం. హారను కొడితే కాస్త జరిగింది. అంతే.

దీనికి ఇంత రాద్ధాంతమా? చెత్త చెత్తే కదా! ఆ రోజు నుంచీ అడిగినదానికి సమాధానం చెప్తోంది, అడగనిది చెప్పడం లేదు. ఇంట్లో గొడవ తగ్గి నాకు హాయిగానే ఉంది. గది, కిటికీ అన్నదంటే బెదిరింపురా. ఎక్కడికీ పోదు. ఎక్కడికైనా పోవాలంటే నా కారు కావాలిగా.

నిబ్బరంగా ఉన్న,
నీ బావ

*

జూలై 15

మహారాజశ్రీ కార్ల మేనేజరు బావగారికి,

మీ కారు అక్కర్లేకుండానే అక్క వచ్చేసింది. బస్సు దిగింది, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో దుప్పట్లో మూటకట్టిన కుట్టుమిషను తల. కండక్టరు సాయం పట్టి దింపాడట. మీ షోరూములో అంత మర్యాద తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడా? మీకు టేబుల్ మీద చీటీ పెట్టి వచ్చానంది. మీరు వెతుక్కున్నారో, చీటీ మీదే టీ కప్పు పెట్టుకున్నారో!

గేటు దగ్గర నేల మీద కూర్చున్న మా అక్కకు హారను కొట్టారా? ఆ ఉత్తరం నేను మా ఆవిడకు చదివి వినిపించాను. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి, "ఇక చదవకండి" అని లేచి వెళ్లిపోయింది. నాకు మీ మీద కోపం కూడా రావడం లేదు, అసహ్యం వేస్తోంది. ఇన్నాళ్లూ మీరు మాట్లాడితే నవ్వొచ్చేది. ఎవరి మీద నవ్వుతున్నానో చూసుకోలేదు.

ఇక్కడ హాయిగా ఉంది. రెడీమేడ్ బట్టల దుకాణంలో పని కుదుర్చుకుంది, నడిచి వెళ్తుంది. వచ్చిన మర్నాడే మా పెరట్లో చెత్త తగలబెట్టడం మాన్పించింది. పొగకు పక్కింటి ముసలాయన దగ్గుతున్నాడట, ఇన్నేళ్లు నేను వినలేదు. గుంట తవ్వించి తొక్కలూ ఆకులూ అందులో వేయమంది. మా ఆవిడకు గుడ్డ సంచి, స్టీలు డబ్బా ఇచ్చి మార్కెట్టుకు తీసుకెళ్తోంది. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ నడిచి పోతారు. నా స్కూటరు వెనక ఎక్కమంటే మా ఆవిడ ఎక్కడం లేదు. పోనీలే అనుకున్నాను. మనిషికి మర్యాద ఇవ్వడం మా ఇంటికి కొత్త కాదు, మీలా మేం పుట్టలేదు.

మీరు మారేదాకా ఇటు రానక్కర్లేదు.

తలెత్తుకుని,
మీ బావమరిది

*

జూలై 24

ఒరేయ్ పెద్దమనిషీ,

గురివింద గింజ తన కింద నలుపెరగదట. పెరట్లో చెత్త తగలబెట్టి వీధివాళ్లను దగ్గించినవాడివి, నాకు మర్యాద నేర్పుతావు. పోనీ, తిట్టు. తిట్టేవాళ్లు తప్ప నాతో మాట్లాడేవాళ్లు లేరిప్పుడు.

చీటీ చూశాను. "వెళ్తున్నాను. తమ్ముడి దగ్గర ఉంటాను" అని ఉంది. కోపంగా ఉన్నానని గానీ, మీరిలా చేశారని గానీ ఒక్క ముక్క లేదు. నలుగురికీ చూపించి నవ్వడానికి కూడా అందులో ఏమీ లేదురా.

మొన్న చెత్త సంచి కిందికి తీసుకెళ్తే డ్రైవరు విప్పి చూసి, అంతా కలిపేసి ఉందని, కంపు కొడుతున్నదాన్ని అలాగే వెనక్కిచ్చాడు. దాన్ని పట్టుకుని లిఫ్టు ఎక్కాను. లోపలున్నవాళ్లు దిగిపోయారు. సెక్రటరీ గడపలో ఎదురుపడి, మీ ఆవిడ ఎప్పుడొస్తారని అడిగాడు. వస్తుంది అన్నాను. నేనేదో వేళాకోళం చేస్తానని కాసేపు ఆగి, చేయకపోయేసరికి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి మాట్లాడబోతే వంటింట్లో గరిటె చప్పుడు లేదు. నేను గట్టిగా నవ్వేవాణ్ణి గానీ, వినేది మీ అక్కేరా. తను వింటుందనే నవ్వేవాణ్ణి. నాకు కోపంగా లేదు, భయంగా ఉంది. ఇంకో మనిషికి ఈ మాట రాయను, నీకే రాస్తున్నాను, అదీ నువ్వు బడుద్ధాయివి కాబట్టి.

ఆదివారం వస్తున్నాను. గుమ్మం దగ్గర నువ్వేమన్నా పడతాను. మీ అక్కతో ముందే చెప్పకు, చెప్తే బయటికి వెళ్లిపోతుంది. మాట్లాడాలి. ఏం మాట్లాడాలో తెలియదు, తోచింది మాట్లాడతాను.

నీ బావ

*

ఆగస్టు 2

బావా,

ఆదివారం మీరు వచ్చి తలుపు కొట్టినప్పుడు నేను పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయాను. ఇంట్లో ఎవరూ లేరని మీరు తిరిగి వెళ్లి ఉంటారు. మీ మొహం చూడలేక వెళ్లాను. మీరనుకున్న కారణానికి కాదు.

అక్క మా ఇంట్లో లేదు. అంతకు ముందే వెళ్లిపోయింది.

ఆ వారంలో మా ఆఫీసువాళ్లను టీకి పిలిచాను. వాళ్లలో ఒకాయన కప్పులు తీస్తూ, ఈ టీ పొడి ఎక్కడ వేయమంటారని వంటింటి వైపు చూసి అడిగాడు. ఇక్కడా తనే పెట్టించిన ఆకుపచ్చ డబ్బా చూపించి అక్క జవాబు చెప్పింది. ఆయన నా వైపు చూసి కన్ను కొట్టాడు. నలుగురూ నా మొహమే చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలనిపించింది. "మా బావ పారేసినదాన్ని మేం ఏరుకొచ్చుకున్నాం లెండి" అన్నాను. నవ్వులాటకే అన్నాను బావా. అందరూ నవ్వారు. అలా నవ్వితే ఎంత బాగుంటుందో మీకు నేను చెప్పాలా?

మా ఆవిడ నవ్వలేదు. అక్క కప్పులన్నీ కడిగి బోర్లించింది. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వెనక గదిలో మిషను లేదు. గది ఊడ్చి ఉంది, కిటికీ వేసి ఉంది. ఈ ఊళ్లోనే ఎక్కడో సొంతంగా గది అద్దెకు తీసుకుందట. దుకాణానికి వెళ్లాను. "ఒకళ్లింట్లో పడలేక ఇంకొకళ్లింటికొచ్చాను. మీ ఇద్దరిలో తేడా ఉందని నేనే పొరపడ్డాను" అంది. కోపంగా అనలేదు. కొలత తప్పిన చొక్కా సంగతి చెప్పినట్టు చెప్పి, పని చూసుకుంది.

అడ్రసు పంపమని మీరడుగుతారు. నా దగ్గర లేదు. మా ఆవిడ దగ్గర ఉంది, సాయంత్రాలు సంచి భుజాన వేసుకుని అక్కడికే వెళ్తుంది. బతిమాలాను, బెదిరించాను, చెప్పదు. మీకు చేరవేయాల్సిన మాటేదైనా ఉంటే వదిన స్వయంగా రాస్తుందిలెండి అంటుంది.

నిన్న మాత్రం అడక్కుండానే ఒక మాట చెప్పింది. చెప్పులు విప్పుతూ, నవ్వుతూనే చెప్పింది. వదిన గది చిన్నదే అయినా, అందులో ఇంకో మంచం పడుతుందట.

మీ బావమరిది